సొర సంకరం నేర్చుకుందాం – మూడో పాఠం: పువ్వు విచ్చకముందే ముడి

తల్లి పాదును, తండ్రి పాదును ఎంచుకోవడం, ఒక్కో రకాన్ని దాని పుప్పొడితోనే కొన్ని తరాలు కట్టించి, పాదులన్నీ ఒకే తీరుగా కాసేలా నికరం చేయడం గత రెండు పాఠాల్లో చూశాం. ఇక రెంటినీ కలపాలి.

వంగ, టమాటా, మిరపలో ఒకే పువ్వులో ఆడా మగా ఉంటాయి. మొగ్గలోనే పట్టకారుతో కేసరాలు తీసెయ్యాలి, చెయ్యి వణికితే పువ్వు పోయినట్టే. సొరకు ఆ తంటా లేదు. ఆడమొగ్గ కింద నూగుతో చిన్న పిందె ఉంటుంది, మగమొగ్గ సన్నటి పొడుగు కాడ మీద నిలబడుతుంది. చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

కష్టమంతా వేళ దగ్గరే. గుమ్మడి, దోస, కాకర ఉదయం పూస్తాయి. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దు వాలాక తీరిగ్గా తోటకు వెళ్తే అప్పటికే తేనెటీగో రెక్కల పురుగో పని కానిచ్చేసి ఉంటుంది. అందుకే మధ్యాహ్నం మూడింటికే పందిరి కిందికి చేరండి.

ఆ సాయంత్రం విచ్చే మొగ్గలనే ఏరాలి. రేపటి మొగ్గ పచ్చగా, బిగుసుకుని ఉంటుంది. ఇవాళ్టిదానికి కొసన తెల్లరేకులు బయటికొచ్చి, మెలిక వదులవుతూ ఉంటుంది. తల్లి పాదులో అలాంటి ఆడమొగ్గ కొసను నూలుదారంతో ఒక్క చుట్టు చుట్టి వదులుగా ముడి వేయండి. బిగిస్తే రేకు తెగి చీమకు దారి దొరుకుతుంది. తండ్రి పాదులో మగమొగ్గలకూ ఇదే ముడి. చాలామంది వదిలేసేది ఈ రెండోదాన్నే. విచ్చిన మగపువ్వు మీద పక్క పాదులో తిరిగొచ్చిన ఈగ వాలితే, మీరు రాసేది ఎవరి పుప్పొడో మీకే తెలియదు.

ఆరు దాటాక మగపువ్వును కాడతో తుంచి, ముడి విప్పి, రేకులు వెనక్కి విరవండి. కేసరాన్ని గోటికి తాకిస్తే పసుప్పచ్చ పొడి అంటాలి. అంటకపోతే కాసేపు ఆగండి. ఆడపువ్వు ముడి కూడా విప్పితే, నడుమ మూడు జంట తమ్మెల కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, ఉంటుంది. మూడింటికీ పొడి మెత్తగా రాయాలి. ఒక పక్కే రాస్తే ఒక్కోసారి కాయ వంకర తిరుగుతుంది, గింజలూ తగ్గుతాయి. తర్వాత మళ్ళీ ముడి వేసి, బటర్ పేపరు సంచి తొడిగి, కాడకు చీటీ కట్టండి. ముందు తల్లి పేరు, తర్వాత తండ్రి పేరు, తేదీ. పెన్సిల్‌తోనే రాయండి, సిరా మంచుకు కారిపోతుంది.

రెండు మూడు రోజులకు సంచి తీసేయవచ్చు. పిందె పసుపు తిరిగి రాలితే కలయిక కుదరలేదన్నమాట. నిలిస్తే ఆ తీగ మీద ముందే కాసిన మామూలు కాయలను కోసేయండి. అవి ఉంటే తీగ బలమంతా వాటికే పోయి మీ పిందె ఎండిపోతుంది. గింజ కోసం తీగకు రెండు మూడు కాయలు చాలు.

పెద్ద ఎత్తున చేసేవాళ్ళు తల్లి వరుసల్లో మగమొగ్గలను రోజూ గిల్లిస్తారు, లేదా రెండాకులప్పుడు, నాలుగాకులప్పుడు ఎత్రెల్ అనే హార్మోను మందు చల్లి ఆడపూత పెంచుతారు. 39 శాతం మందైతే లీటరు నీటికి పావు మిల్లీలీటరు. పెరటి పందిరికి ఇవేవీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాట. గుండ్రటి రకం పుప్పొడిని పొడుగు రకానికి రాశారు కదా, కాయ ఏ ఆకారంలో వస్తుందా అని ఈ పంటలోనే చూడకండి. ఆ కాయ గుజ్జూ తొక్కా తల్లివే. సంకరం లోపలి గింజలో ఉంది, వచ్చే పంటలోగాని బయటపడదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1971లో ఇచ్చిన పూసా మేఘదూత్ ఇలా రెండు రకాలను కలిపి తీసిన పొడుగు సొరే. దాని గింజ తిరిగి వేస్తే మాత్రం ఒక్కో పాదు ఒక్కో తీరుగా కాస్తుంది. అందుకే సంకర విత్తనం ప్రతిసారీ కొత్తగా కట్టించాల్సిందే.

కాయను తీగ మీదే ఎండనివ్వండి. రెండు నెలలకు తొక్క గట్టిపడి, ఊపితే గింజలు గలగలలాడతాయి. ఆ గింజలను తల్లి, తండ్రి గింజలతో పాటు ఒకే రోజు, ఒకే మడిలో విత్తండి. మూడూ పక్కపక్కన లేకపోతే దిగుబడి పెరిగిందో లేదో తేల్చలేం. సంకరం తల్లిదండ్రుల్లో మెరుగైనదాన్ని దాటాలి, ఇద్దరి సగటును దాటితే సరిపోదు.

వచ్చే పంటలో మొదటి కాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదు లేని రెండు రకాలు కలిసి కూడా చేదు కాయ పుట్టవచ్చు. సొర చేదు విషం, వండినా పోదు. చేదు తగిలితే వెంటనే ఉమ్మేసి, కాయ పారేసి, ఆ జంటను పుస్తకంలో కొట్టేయండి.