చేపలు వేయించిన నూనె ఎందుకు పాడవుతుంది, పాడవకుండా ఏం చేయాలి

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున విశాఖలో కూడా కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. పక్కనే ఉన్న సన్‌ఫ్లవర్ నూనె మాత్రం ఎప్పటిలాగే పారుతుంది. రెండూ ట్రైగ్లిసరైడ్లే, అంటే ఒక గ్లిసరాల్‌కి అతుక్కున్న మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త గొలుసులు, అంటే ద్విబంధాలు లేనివి. అవి తిన్నగా ఉంటాయి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, 24 డిగ్రీల దగ్గరే గట్టిపడతాయి. సన్‌ఫ్లవర్‌లో ద్విబంధాలు, అంటే రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు, ఎక్కువ. ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది, ఆక్సిజన్ ముందుగా పట్టుకునేదీ ఆ పక్కనే. అలా పట్టుకుంటే నూనె ముక్కిపోతుంది. అందుకే వేపుళ్లకి పల్లీ నూనె తీసుకోండి. అందులో సగం దాకా ఒకే ద్విబంధమున్న ఒలీయిక్ ఆమ్లం ఉంటుంది. సన్‌ఫ్లవర్‌ని పోపులకి వాడుకోండి.

నూనెకి అసలు శత్రువు నీరు. వేడి నూనెలో నీరు ట్రైగ్లిసరైడ్‌ని విడగొడితే కొవ్వు ఆమ్లాలు విడిపడతాయి, నూనె తక్కువ వేడికే పొగలు కక్కుతుంది. ఆ పొగకి కళ్లు మండటానికి కారణం గ్లిసరాల్ నుంచి పుట్టే అక్రోలిన్.

అరకిలో వంజరం ముక్కలు కడిగి, పావుగంట జల్లెడలో ఉంచి, పొడిగుడ్డతో ఒత్తండి. ఉప్పూ కారం పట్టించి ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే ఉప్పు మళ్లీ నీరు లాగుతుంది. గిన్నె అడుగున చేరిన ఆ నీటిని వంపేసి, అప్పుడు రెండు చెంచాల బియ్యప్పిండి అద్దండి. చాలామంది వదిలేసే పని ఇదే. నూనె చిటపటలాడి చేతులమీద పడేది కూడా ఆ నీటివల్లే. వైజాగ్ గాలికి అప్పడాలు, వడియాలు కూడా చెమ్మ పడతాయి కాబట్టి ముందు ఎండలో పెట్టండి.

మూకుడు ఇనుముదైనా స్టీలుదైనా పర్వాలేదు. కళాయి పూత లేని రాగి, ఇత్తడి వద్దు, నూనె ఆక్సిజన్ పట్టుకోవడాన్ని రాగి ఎగదోస్తుంది. నూనె వేడి 170 నుంచి 180 డిగ్రీలు చాలు. పిండి చుక్క వేస్తే అడుగుకి వెళ్లి వెంటనే పైకి తేలాలి. ఒక్కసారిగా ముక్కలన్నీ వేస్తే వేడి పడిపోయి పిండి నూనె పీలుస్తుంది. మూడేసి ముక్కలు వేయండి.

చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టి, చిన్న సీసాలో మెడదాకా నింపి చీకట్లో పెట్టండి. రెండు మూడు రోజుల్లో చేపల కూరకే వాడేయండి. పాత నూనెలో కొత్తది కలపొద్దు, పాతదానిలో ఆక్సిజన్ పట్టుకుని పుట్టిన పెరాక్సైడ్లు కొత్తదాన్నీ త్వరగా పాడుచేస్తాయి.

పోలార్ కాంపౌండ్స్ (నూనె పాడయ్యేకొద్దీ అందులో పెరిగే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నియమం 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలిచే మీటరు ఉండదు కాబట్టి మూకుడు అంచు చూడండి. నూనె ఎగిరిపడిన చోట గోరుకి జిగురుగా తగిలే గోధుమరంగు పొర కడుతుంది. గొలుసులు ఒకదానికొకటి అల్లుకుని పాలిమర్‌గా మారితే వచ్చే పొర అది. దాంతోపాటు నురుగు అణగకపోయినా, పాత పల్లీల ముక్కిన వాసన వచ్చినా ఆ నూనె పారేయాల్సిందే. సింకులో మాత్రం పోయకండి, గొట్టంలో పేరుకుపోతుంది. పాత పేపర్లలోకి ఇంకించి చెత్తలో వేయండి.