కాల్‌క్యులస్ హైస్కూల్లోనా, కమ్యూనిటీ కాలేజీలోనా? ఎలా ఎంచుకోవాలి?

అమెరికాలో పదో తరగతి, పదకొండో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో వచ్చే ఏడాది క్లాసులు ఎంచుకునే సమయానికి ఈ టెన్షన్ మొదలవుతుంది. స్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ కాల్‌క్యులస్ తీసుకోవాలా, హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదివే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద కమ్యూనిటీ కాలేజీకి (ఊళ్లో ఉండే రెండేళ్ల కాలేజీకి) వెళ్లాలా? పక్కింటి పిల్లలు ఏం తీసుకున్నారో కాసేపు పక్కన పెట్టి, ఈ వరుసలో చూడండి.

ముందు ప్రీకాల్‌క్యులస్ ఎంత గట్టిగా వచ్చో చూసుకోవాలి. కాల్‌క్యులస్‌లో మార్కులు ఎక్కువగా పోయేది పాత లెక్కల దగ్గరే: భిన్నాలు, ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, త్రికోణమితి. ఏపీ కాల్‌క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు కోర్సులుంటాయి; బీసీలో సిలబస్ ఎక్కువ. స్కూల్లో ఏబీ కోర్సు ఏడాదంతా నడుస్తుంది. దాదాపు అదే సిలబస్‌ను కాలేజీలో కాల్‌క్యులస్ 1 పేరుతో సుమారు 16 వారాల సెమిస్టర్‌లో ముగిస్తారు. వెనక్కి వెళ్లి పాతవి నేర్చుకునే తీరిక అక్కడ దొరకదు. వేసవిలో ఆరు, ఎనిమిది వారాల్లో అయిపోయే కోర్సును మొదటిసారి కాల్‌క్యులస్ చదివే పిల్లలకు నేనైతే అస్సలు సూచించను.

తర్వాత, చేరాలనుకునే యూనివర్సిటీలు క్రెడిట్ ఎలా ఇస్తాయో, అంటే ఆ కోర్సు ముందే చదివినట్టు ఎలా లెక్కిస్తాయో చూడండి. ఏపీలో క్రెడిట్ మే నెలలో రాసే పరీక్ష స్కోరును బట్టి ఉంటుంది. స్కోరు 1 నుంచి 5 వరకు. ఏబీ కాలేజీలో ఒక సెమిస్టర్ కాల్‌క్యులస్‌కు, బీసీ రెండు సెమిస్టర్లకు సమానం. అయితే ఏ స్కోరుకు ఎంత ఇవ్వాలో యూనివర్సిటీ ఇష్టం. ఎంఐటీ బీసీలో 5 వస్తేనే క్రెడిట్ ఇస్తుంది, ఏబీకి ఇవ్వదు. కాలేజీ కోర్సు అదే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీకి తేలిగ్గా బదిలీ అవుతుంది. టెక్సస్‌లో కాల్‌క్యులస్ 1కు మ్యాథ్ 2413 అనే ఉమ్మడి నంబరు ఉంది. కాలిఫోర్నియాలో ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్లో తెలుస్తుంది. హైస్కూల్ పాసవడానికి వాడుకున్న కోర్సుకు కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు క్రెడిట్ ఇవ్వవు, కాబట్టి అక్కడి రిజిస్ట్రార్‌కు ముందే ఈమెయిల్ రాయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సింది గ్రేడు గురించి. ఏపీ పరీక్షలో తక్కువ వస్తే ఆ స్కోరును చాలా యూనివర్సిటీలకు పంపకుండా ఊరుకోవచ్చు. కాలేజీలో వచ్చిన గ్రేడు మాత్రం శాశ్వతంగా ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ మార్కుల రికార్డు) మీద ఉంటుంది. రేపు మెడిసిన్‌కు దరఖాస్తు చేసినా, హైస్కూల్ రోజుల్లో చదివిన కాలేజీ కోర్సులన్నీ చూపించాల్సిందే. అందుకే ‘డ్రాప్’ (రికార్డులో పడకుండా కోర్సు మానేసే) గడువు, ‘డబ్ల్యూ’ (గ్రేడు బదులు ‘విత్‌డ్రా’ అనే గుర్తుతో మానేసే) గడువు ఏ తేదీలో మొదటి రోజే రాసి పెట్టుకోండి. మొదటిది దాటాక మానేస్తే ఆ ‘డబ్ల్యూ’ కూడా రికార్డులో కనిపిస్తుంది.

ఇంకో మాట. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు, వయసు 18 దాటకపోయినా, విద్యార్థిదే. మార్కుల గురించి ప్రొఫెసర్‌కు అమ్మానాన్నలు ఫోన్ చేస్తే జవాబు వస్తుందని అనుకోవద్దు. ఆఫీస్ అవర్స్‌కు (ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే వేళల్లో) వెళ్లి అడిగే చొరవ పిల్లలకే ఉండాలి.

స్కూల్లో బీసీ బాగా చెప్పే టీచర్ ఉంటే నా ఓటు అక్కడికే. రోజూ క్లాసు, తెలిసిన స్నేహితులు, అర్థం కాకపోతే మర్నాడే అడిగే వీలు ఉంటాయి. స్కూల్లో బీసీ లేకపోయినా, పదకొండులోనే అది పూర్తయినా కమ్యూనిటీ కాలేజీ మంచి దారి. ముఖ్యంగా మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా చాలా హైస్కూళ్లలో దొరకవు. అటు వెళ్లాలనుకుంటే స్కూల్ కౌన్సెలర్ సంతకం, ఏ కోర్సులో చేరడానికి అర్హత ఉందో తేల్చే ప్లేస్‌మెంట్ నిబంధనలు, రిజిస్ట్రేషన్ తేదీలు ఈ వారమే కనుక్కోండి. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ విద్యార్థులకు చాలా కాలేజీల్లో రిజిస్ట్రేషన్ చివర్లో తెరుస్తారు, అప్పటికి సాయంత్రం క్లాసులు నిండిపోతుంటాయి.