సీమోయ్ ఆంప్‌లో ముందు గెయిన్ తగ్గించండి

ఇంట్లో సీమోయ్ అనే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ (ఆంప్లిఫయర్) చేసుకున్నవాళ్లు సౌండ్ ఇంకా బాగుండాలని వెంటనే ఖరీదైన ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) కోసం వెతుకుతారు. దానికంటే ముందు గెయిన్, అంటే ఆంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో, చూసుకోండి. అసలు డిజైన్‌లో ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ని వెనక్కి ఇన్‌పుట్‌కి కలిపేది) 10 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కి వెళ్లేది 1 కిలో ఓమ్. అంటే గెయిన్ 1 + 10/1, అంటే 11 రెట్లు. ఇప్పటి ఇయర్‌ఫోన్లకు అది మరీ ఎక్కువ. వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పగానే చెవులు గింగురుమంటాయి, పాట ఆగితే వెనక సన్నగా హిస్ వినిపిస్తుంది. పైగా నాబ్ మొదట్లోనే ఉన్నప్పుడు చాలా పాట్‌లలో (నాబ్ తిప్పే వాల్యూమ్ కంట్రోల్‌లలో) ఎడమ, కుడి సౌండ్ సమానంగా రాదు.

రెండు చానెళ్లలోనూ ఆ 1 కిలో ఓమ్ తీసి 4.7 కిలో ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టండి. గెయిన్ దాదాపు 3కి దిగుతుంది, నాబ్‌ని సగం దాకా హాయిగా తిప్పుకోవచ్చు. ఓపీఏ2134 ఆప్‌ఆంప్ ఇంత తక్కువ గెయిన్‌లోనూ నిలకడగానే పనిచేస్తుంది. 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్లు వాడేవాళ్లు మాత్రం 2.2 కిలో ఓమ్‌ల దగ్గర ఆగడం మంచిది.

తర్వాత వర్చువల్ గ్రౌండ్, అంటే బ్యాటరీ వోల్టేజీకి సరిగ్గా మధ్యలో ఉండే గ్రౌండ్. 9 వోల్టుల బ్యాటరీని సగం చేసే రెండు రెసిస్టర్ల బదులు టీఎల్ఈ2426 చిప్ పెడితే, లోడ్ పడ్డప్పుడు గ్రౌండ్ అంతగా కదలదు.

టంకం అయ్యాక హెడ్‌ఫోన్ పెట్టకుండానే మీటర్‌తో అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజీ ఎంత ఉందో కొలవండి. మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద కాదు, జాక్ గ్రౌండ్ మీద ఉండాలి. 20 మిల్లీవోల్టులు దాటితే హెడ్‌ఫోన్ పెట్టకండి, టంకాలన్నీ మళ్లీ చూడండి.