వైద్యం అందే తీరును మార్చే పరిశోధన: డాక్టర్లు ఎక్కడ మొదలుపెట్టాలి

కొత్త మందు కనిపెట్టడం ఒక రకం పరిశోధన. ఉన్న వైద్యమే రోగికి టైముకి, తప్పుల్లేకుండా అందేలా చేయడం ఇంకో రకం. ఈ రెండో దారిలో వెళ్లాలనుకునే డాక్టర్లలో చాలామంది ముందే ఒక యాప్ ఆలోచనతో వస్తారు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి వార్డులో తిరగండి. ఒక రోగి అడ్మిట్ అయినప్పటి నుంచి డిశ్చార్జి దాకా వెంట ఉండి, ఎక్కడ ఆగిపోయాడు, ఎవరి కోసం ఎదురుచూశాడు, వచ్చిన రిపోర్టు ఎవరూ చూడకుండా ఎంతసేపు పడి ఉంది, అన్నీ రాసుకోండి. ఇవన్నీ నర్సులకు ముందే తెలుసు, కాబట్టి వాళ్లని అడిగి వదిలేయకుండా మొదటి రోజు నుంచే టీములో చేర్చుకోండి.

ఎందుకంటారా? అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ టీము చేసిన పని చూడండి. ఐసీయూలో పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టాల (సెంట్రల్ లైన్ల) వల్ల ఇన్‌ఫెక్షన్లు వచ్చేవి. చేతులు కడుక్కోవాలి, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో శుభ్రం చేయాలి, రోగి ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పాలి, వీలైతే తొడ దగ్గర వేయకూడదు, అవసరం తీరగానే లైను తీసేయాలి. ఇందులో ఎవరికీ తెలియనిది ఏమీ లేదు, కానీ సామాను తలో చోట ఉంటే హడావిడిలో ఏదో ఒకటి వదిలేస్తారు. అందుకే అన్నీ ఒకే ట్రాలీలో సర్దారు, చెక్‌లిస్టు నర్సు చేతికిచ్చారు, ఒక్క మెట్టు తప్పినా డాక్టరునైనా సరే ఆపమన్నారు. తర్వాత అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూల నుంచి వచ్చిన లెక్కలు 2006లో అచ్చయ్యాయి: ఇన్‌ఫెక్షన్ల రేటు 66 శాతం దాకా తగ్గింది. నర్సుకి ఆపే అధికారం ఇవ్వడమే ఇందులో అన్నిటికన్నా గొప్ప మార్పని నేను గట్టిగా నమ్ముతాను.

కాగితం ఒక్కటే పంపితే పని జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టును 8 ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో తేలింది. అదే తరహా చెక్‌లిస్టులు కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అమల్లోకి వచ్చాక చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో వచ్చింది. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, అమలు చేయడమే ఒక శాస్త్రమని ఎందుకంటారో అర్థమవుతుంది.

ఇక కొలత. మార్పు తేకముందు కొన్ని నెలల లెక్కలు చేతిలో ఉండాలి, లేకపోతే ఏం మారిందో చెప్పలేరు. ఒక నెల పరిస్థితి బాగా చెడిందని పని మొదలుపెడితే, మీరేం చేయకపోయినా తర్వాతి నెల కాస్త మెరుగవ్వచ్చు, అది మీ ఘనత అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పోలికకు ఇంకో వార్డు పెట్టుకోండి, లేదా ఒక్కో వార్డులో ఒక్కో తేదీన మొదలయ్యేలా వరస వేయండి, ఏది ముందో లాటరీ తీసి. మొదటి ప్రయోగం మాత్రం ఒక షిఫ్టు, ఒక నర్సు, ఒక రోగితో చాలు, తేడా వస్తే మర్నాడే దిద్దుకోవచ్చు.

ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), స్టాటిస్టిక్స్ పద్ధతిగా నేర్చుకోవాల్సిందే. ఉద్యోగంలో చేరేటప్పుడే పరిశోధనకు వారంలో ఎన్ని గంటలిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట డ్యూటీల ఒత్తిడిలో నిలవదు. ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా ముట్టకముందే అడగండి. ఫండింగ్ అయిపోయాక ట్రాలీ ఎవరు నింపాలి, లెక్కలు ఎవరు చూడాలి అన్నది మాత్రం మొదటి ప్రపోజల్‌లోనే, ఏ పోస్టులో ఉన్నవాళ్ల బాధ్యతో సహా రాసిపెట్టండి.