సాయంత్రం నాలుగున్నరకి డబ్బాలో ఏముంది?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పుట్టిల్లు ఆంధ్రాలోని పాతపట్నం. ఆటోలో పావుగంట ప్రయాణం, ఆ పావుగంటలో రాష్ట్రం మారిపోతుంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా అమ్మ చోళ్లు (రాగులు) అన్నదాన్నే పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) మండియా అంటుంది. నా వంట సగం అమ్మ దగ్గరది, సగం మావుసీ దగ్గరది.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పిల్లలిద్దరూ నాలుగున్నరకి స్కూలు నుంచి వస్తారు. చెప్పులు గుమ్మంలో, బ్యాగు మంచం మీద, "అమ్మా, ఆకలి!" అన్న కేక, అన్నీ ఒక్కసారే. ఆ పది నిమిషాల్లో చేతికి ఏది అందితే అదే తింటారు. మూడేళ్ల క్రితం వరకూ అందేది వీధి చివర కొట్లో వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్టే. నేను మిషన్ మీంచి లేచి పొయ్యి వెలిగించేలోపు వాళ్లు అది తినేసి నీళ్లు తాగేసేవారు. రాత్రి అన్నం సగం కంచంలోనే మిగిలిపోయేది. పాపకి మలబద్ధకం మొదలైంది. పొద్దున్నే ఏడుపు, నాకు టెన్షన్.

చాలా తిట్టాను, దాచాను, బతిమాలాను. ఏదీ పని చెయ్యలేదు. ఆకలి మీదున్న పిల్లకి నీతులు వినపడవు. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి డబ్బాలో ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. అందుకే చిరుతిండి పని సాయంత్రం చేసేది కాదు, ఆదివారమూ ముందు రోజు రాత్రీ చేసేది. నేను ఎలా చేస్తున్నానో చెప్తాను.

ముందు చోళ్లు

మా సంతకి కొండ ఊళ్ల నుంచి సవర తెగ ఆడవాళ్లు చోళ్లు తెస్తారు. నేను అక్కడే కొంటాను. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్స్ మిషన్ (చిరుధాన్యాల పథకం) మొదలుపెట్టాక ఇక్కడ చోళ్లకి మళ్లీ గౌరవం వచ్చింది. నవంబరు 10ని మండియా దిబస (చోళ్ల రోజు) అని జరుపుతున్నారు కూడా. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే పాలలో ఉండేది 120 దాకా. కాకపోతే చోళ్లలో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఆ కాల్షియాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. మొలకెత్తిస్తే అవి తగ్గుతాయి. అందుకని నేను ఎప్పుడూ మొలకెత్తించే పిండి పట్టిస్తాను.

కిలో చోళ్లని నాలుగైదు నీళ్లు మార్చి కడగండి. ఆఖరి నీళ్లలో గిన్నె వంచి, గుండ్రంగా తిప్పుతూ గాలిస్తే రాళ్లు అడుగున ఉండిపోతాయి. ఈ పని తొందరగా చెయ్యకండి, పంటి కింద ఒక్క రాయి పడితే పిల్లలు మళ్లీ ముట్టుకోరు. రాత్రంతా నానబెట్టి, పొద్దున్న నీళ్లు వంచేసి, తడిపిన పాత పంచె గుడ్డలో మూట కట్టి చిల్లుల గిన్నెలో పెట్టాలి. పొద్దున, సాయంత్రం మూట మీద నీళ్లు చిలకరించాలి. మర్నాటికి గింజ చివర తెల్లటి మొన కనిపిస్తుంది, నువ్వుగింజలో సగం పొడుగు. అక్కడితో ఆపెయ్యండి. ఇంకా వదిలితే జిగురు పట్టి పులుపు వాసన వస్తుంది.

తర్వాత ఆరబెట్టడం. నేను తప్పు చేసింది ఇక్కడే. ఒకసారి శ్రావణమాసంలో ముసురు పట్టింది. పైకి పొడిగా ఉన్నాయి కదా అని పట్టించేశాను. నాలుగో రోజు డబ్బా మూత తియ్యగానే బూజు వాసన. కిలో పిండీ పారబోశాను. అప్పటినుంచి ఒక పరీక్ష పెట్టుకున్నాను. గుప్పెడు గింజలు తీసి ఒక చేతిలోంచి రెండో చేతిలోకి పోస్తే ఇసకలా గలగలా జారాలి, ఒక్కటి కూడా అరచేతికి అంటుకోకూడదు. ఎండ కాసే రోజుల్లో రెండు రోజులు చాలు. వానాకాలంలో ఫ్యాను కింద మూడు రోజులు. ఆ తర్వాత మూకుడులో చిన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేపి, పూర్తిగా చల్లారాక మరకి పంపండి. మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది, పళ్లెంలో పరిచి ఆరాకే డబ్బాలో పొయ్యాలి.

ఈ పిండితో పొద్దున జావ కాస్తాను. సాయంత్రానికి ఉండలు. రెండు కప్పుల పిండికి నాలుగు చెంచాల నెయ్యి వేసి పది నిమిషాలు మళ్లీ వేపాలి. గింజలు వేపాం కదా అని ఈ వేపుడు మానితే ఉండ నాలిక మీద పచ్చిగా, మట్టిలా తగులుతుంది. ముక్కు చెప్పినట్టు వినండి. మొదట పిండి వాసన, తర్వాత నెయ్యి వాసన, ఆఖర్న వేపిన వేరుశనగ లాంటి వాసన. అప్పుడు దింపి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక కప్పు తరిగిన బెల్లం, అరకప్పు వేపి బరకగా దంచిన వేరుశనగ గుళ్లు, రెండు చెంచాల వేపిన నువ్వులు, రెండు యాలక్కాయల పొడి, చిటికెడు ఉప్పు వేసి చేత్తో బాగా నలపండి. గోరువెచ్చని పిండిలో బెల్లం దానంతటదే కరిగి అంటుకుంటుంది. పొయ్యి మీదుండగానే బెల్లం వేస్తే పాకమైపోయి, చల్లారాక ఉండ రాయి అవుతుంది. పిండి చేతిలో నిలబడకపోతే ఒక చెంచా వెచ్చటి నెయ్యి వెయ్యండి. పాలు పొయ్యకండి, రెండో రోజుకే పాడవుతాయి. నిమ్మకాయంత చేస్తే పద్దెనిమిది దాకా వస్తాయి. గట్టి మూత డబ్బాలో వారం నిక్షేపంగా ఉంటాయి.

బెల్లం గురించి ఒక మాట. పంచదార కన్నా మంచిదని చాలామంది చెయ్యి జారవిడుస్తారు. బెల్లమూ తీపే. రెండు కప్పులకి ఒక కప్పు దాటించకండి, రోజుకి పిల్లకి ఒక ఉండ, మరీ అడిగితే రెండు. మా పిల్లలకి మొదట తీపి చాల్లేదు. నెలకి కాస్త కాస్త తగ్గించుకుంటూ వచ్చాను, ఇప్పుడు మామూలు లడ్డూ పెడితే "చాలా తీపమ్మా" అంటున్నారు.

వేరుశనగ గుళ్లు వేపేముందు పళ్లెంలో పోసి ఏరండి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు మచ్చ ఉన్నవి తీసిపారెయ్యండి. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేపినా పూర్తిగా పోదు. నాలుగేళ్ల లోపు పిల్లలకి గుళ్లు గుళ్లుగా పెట్టకండి, గొంతులో అడ్డుపడతాయి. దంచి ఉండలోనో, జావలోనో కలపండి.

రాత్రి నానబోసేవి

వారంలో మూడు రోజులు మా ఇంట్లో గుగ్గిళ్లే. రాత్రి గిన్నెలు తోముకున్నాక చెయ్యి తుడుచుకునేముందే గింజలు నీళ్లలో పోసేస్తాను. ఆ అలవాటు ఒక్కటి పడితే సగం పని అయినట్టే. నల్ల సెనగలకి ఎనిమిది గంటలు నానడం, కుక్కరులో నాలుగు కూతలు. బొబ్బర్లకి ఐదు గంటలు, రెండు కూతలు. పెసలకి నాలుగు గంటలు, ఒక్క కూత చాలు, ఎక్కువైతే ముద్దయిపోతాయి. ఉలవలు చలికాలంలో చేస్తాను, రాత్రంతా నానాలి, ఐదారు కూతలు రావాలి. ఆ నీళ్లు పారబొయ్యకండి, రాత్రికి చారు పెట్టుకోవచ్చు.

మధ్యాహ్నం అన్నం కుక్కరు దించాక అదే పొయ్యి మీద ఉడికించి ఉంచేస్తాను. నాలుగుంపావుకి మిషన్ ఆపి పోపు వేస్తే ఐదు నిమిషాల పని. చెంచా నూనెలో ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, కరివేపాకు, దించాక కొబ్బరి కోరు. నిమ్మకాయ పొయ్యి మీద పిండకండి, పళ్లెంలోకి వచ్చాక పిండండి. నిమ్మలోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, వేడికి ఆ విటమిన్ తగ్గిపోతుంది. నిమ్మకాయ పిండే పని మా పాపది. తన చేత్తో పిండింది కాబట్టి వద్దనదు. పొద్దున్నే ఏడుపు ఆగింది కూడా ఈ గుగ్గిళ్లు మొదలయ్యాకే. ఒక్కటి గుర్తుంచుకోండి, పప్పుధాన్యాలు అలవాటు లేని పిల్లలకి మొదటి వారం గుప్పెడే పెట్టండి, నీళ్లు బాగా తాగించండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది.

ఏమీ చెయ్యని రోజున

పెళ్లిళ్ల సీజన్లో నాకు తలెత్తే తీరిక ఉండదు. అలాంటి రోజులకి మురీలు (మరమరాలు). ఇక్కడ ముఢి అంటారు, ఇసకలో వేపి తట్టల్లో అమ్ముతారు. ఒడియా ఇళ్లలో ముఢి లేని సాయంత్రం ఉండదు. పెద్ద గిన్నెలో మురీలు, వేపిన వేరుశనగ గుళ్లు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కీరా, టమాటా, దొరికితే పచ్చి మామిడి, కొత్తిమీర. మావుసీ అందులో ఒక చెంచా పచ్చి ఆవనూనె, నాలుగు కొబ్బరి ముక్కలు వేస్తుంది. ఆ ఘాటు మొదట్లో నాకు ఎక్కలేదు, ఇప్పుడు అది లేకపోతే చప్పగా ఉంటుంది. కూరముక్కలు విడిగా తరిగి పెట్టుకుని, పిల్లలు చేతులు కడుక్కుంటుంటే కలపండి. కలిపిన ఐదు నిమిషాల్లో తినాలి, తర్వాత మెత్తబడిపోతాయి. అందుకే ఇది స్కూలు బాక్సుకి పనికిరాదు. మురీలు ఒక్కటే తింటే గంటలో మళ్లీ ఆకలేస్తుంది, గుళ్లు మాత్రం మానకండి.

జాంపండు, సీతాఫలం, అరటిపండు గురించి నేను చెప్పేదేముంది. కోసి ఎదురుగా పెడితే తింటారు, బుట్టలో ఉంచితే చూడరు.

కాలాన్ని బట్టి

చలికాలంలో చిలగడదుంపలు. నీళ్లలో ఉడికిస్తే తీపి నీళ్లలోకి పోతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టండి, కత్తి మొన సులువుగా దిగితే దించెయ్యండి. అదే కాలంలో అమ్మ పాతపట్నం నుంచి తాటిబెల్లం, తేగలు పంపుతుంది. తాటిబెల్లంతో చిమ్మిలి చేస్తాను. రెండు కప్పుల నువ్వులు చిటపటలాడేదాకా వేపి, చల్లార్చి, ఒక కప్పు బెల్లంతో రోట్లో దంచాలి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి. నువ్వుల్లోంచి నూనె ఊరి రోకలికి మెరుపు అంటగానే ఆపి ఉండలు కట్టెయ్యండి, నెయ్యి అక్కర్లేదు.

ఎండాకాలంలో పనసపండు తిన్నాక పిక్కలు పారెయ్యకండి. కడిగి రెండు రోజులు నీడలో ఆరబెట్టి, ఉప్పు వేసిన నీళ్లలో నాలుగు కూతలు రానిస్తే పైన తెల్ల పొర గోటితో ఊడొస్తుంది. పిండిగా, కమ్మగా ఉంటాయి. నిప్పుల మీద కాల్చేటట్టయితే ప్రతి పిక్కకీ కత్తితో చిన్న గాటు పెట్టండి, లేకపోతే పేలి మీద పడతాయి.

ఇక మావుసీ నేర్పిన ఎండూరి పిఠా, పసుపాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే పిండివంట. కార్తీక పౌర్ణమి వెళ్లిన ఎనిమిదో రోజు ఒడియావాళ్లకి ప్రథమాష్టమి. వాళ్ల లెక్కలో అప్పటికే మార్గశిరం వచ్చేస్తుంది, మనకింకా కార్తీక బహుళమే. ఇంట్లో పెద్ద బిడ్డకి కొత్త బట్టలు పెట్టి, హారతిచ్చి ఈ పిఠా తినిపిస్తారు. నేను పండగ కోసం ఆగను, పసుపాకులు దొరికినన్నాళ్లూ చేస్తాను.

ఒక కప్పు మినప్పప్పు, రెండు కప్పుల బియ్యం నానబెట్టి, ఇడ్లీ పిండి కన్నా కాస్త గట్టిగా రుబ్బి, ఉప్పు కలిపి రాత్రంతా పులియనివ్వండి. కొబ్బరి కోరు, బెల్లం, మిరియాల పొడి కలిపి చిన్న మంట మీద దగ్గరపడేదాకా తిప్పితే లోపలి ముద్ద తయారు. పసుపాకుని కడిగి, తుడిచి, నున్నటి వైపు పైకి పెట్టి, పిండి వేలెడు మందాన రాసి, మధ్యలో ముద్ద సన్నగా పరిచి, ఆకుని మధ్యకి మడవాలి. అంచులకి పిండి రాయకండి, ఉడికేటప్పుడు పొంగి బయటికొస్తుంది. ఆవిరి మీద ఇరవై నిమిషాలు. మూత తీసినప్పుడు వచ్చే పసుపాకు వాసనకి మా వాడు పుస్తకం మూసి వచ్చేస్తాడు. అయినా ఐదు నిమిషాలు ఆగండి. వేడి మీద విప్పితే పిండి ఆకుకి అంటుకుని చిరుగుతుంది. ఆరాక విప్పితే ఆకు ఈనెల గీతలన్నీ పిఠా మీద అచ్చుపడి కనిపిస్తాయి.

మిగిలినవి విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పొద్దున్న పెనం మీద చుక్క నెయ్యి వేసి, ఆకుతోనే రెండు వైపులా కాల్చి బాక్సులో పెడితే మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటాయి.