చివరి దశ వైద్యం, మన మాట – 3వ భాగం: కాగితాన్ని ఫోనులోకి ఎక్కించి అయినవాళ్లకు అందించడం

రెండో భాగం పూర్తి చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఒక కాగితం ఉండాలి. ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించిన లివింగ్ విల్ అది, అంటే కోలుకునే దారి లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకున్న కాగితం. మీకు తెలివి లేనప్పుడు మీ బదులు ఒప్పుకోవాల్సిన మనిషి పేరు అందులో ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులో జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కూడా అడిగింది. 2023 జనవరి 24న ఆ షరతు తీసేసింది. మేజిస్ట్రేటు సంతకానికి చోటు వదిలిన నమూనా ఎవరైనా ఇస్తే అది పాతదని గుర్తు.

ఫోనులో ఆధార్ ఈ-సైన్ కొట్టి ఈ పని ముగించుకోవచ్చా అంటే, లేదు. సాక్షులు, నోటరీ ఉన్న కాగితమే అసలు. ఫోనులోది దాని నకలు మాత్రమే. కానీ అవసరం వచ్చినప్పుడు ముందుగా డాక్టరు చేతికి అందేది ఆ నకలే. కర్నూలు నుంచి హైదరాబాదుకో, అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి తిరుపతికో రాత్రికి రాత్రి మనిషిని తీసుకుపోవడం మన దగ్గర మామూలే. కాగితం మాత్రం బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం కింద ఉండిపోతుంది.

స్కాన్

కెమెరాతో ఫొటో తీసి వదిలేయకండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ గుర్తు నొక్కి, పేజీలన్నీ వరసగా తీసి ఒకే పీడీఎఫ్ చేయండి. వెనకవైపు నోటరీ ముద్ర ఉంటే ఆ పేజీ కూడా తీయాలి. ఎక్కువమంది వదిలేసేది దాన్నే. ఫిల్టరు రంగులోనే ఉంచండి. నలుపు-తెలుపు పెడితే లేత రంగు ముద్ర చెరిగిపోయినట్టు వస్తుంది. కాగితం మీద ఉబ్బెత్తుగా నొక్కిన ముద్ర ఉంటే ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి తీయండి. అప్పుడే దాని అంచులు కనబడతాయి. తీసిన తర్వాత పెద్దది చేసి చూడండి. నోటరీ రిజిస్టరు నంబరు, తేదీ, సాక్షుల పేర్లు చదవగలిగితే చాలు.

ఫైలు పేరు 'స్కాన్ 0047' అని ఉంటే అర్ధరాత్రి ఎవరికీ దొరకదు. 'లివింగ్ విల్ – ఇంటిపేరు, పేరు – సంతకం చేసిన తేదీ' అని మార్చండి. తేదీ ఎందుకంటే, రేపు మీరు మనసు మార్చుకుని కొత్తది రాస్తే చెల్లేది చివర సంతకం చేసిందే.

కాగితం తెలుగులో ఉంటే అదే ఫైలులో మొదటి పేజీగా ఇంగ్లీషు సారాంశం చేర్చండి. బెంగళూరులో డ్యూటీ డాక్టరుకు తెలుగు చదవడం రాకపోవచ్చు. ఆ పేజీలో నాలుగు సంగతులు చాలు: ఏ పరిస్థితిలో ఏది వద్దన్నారు, నొప్పికి, ఆయాసానికి మందులు ఇవ్వాలన్న మాట, మాట్లాడాల్సిన మనిషి పేరు, అసలు కాగితం ఎక్కడుందో.

ఎక్కడ దాచాలి

డిజిలాకర్‌లో అప్‌లోడ్ విభాగం ఉంది. పీడీఎఫ్, జేపీజీ, పీఎన్‌జీ తీసుకుంటుంది, ఫైలు 10 ఎంబీ దాటకూడదు. రెండోది ఆభా యాప్, అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా. దీన్ని తప్పనిసరిగా వాడమనడానికి కారణం ఉంది. లివింగ్ విల్‌ను డిజిటల్ ఆరోగ్య రికార్డులో చేర్చుకోవచ్చని 2023 ఉత్తర్వే చెప్పింది. కాగితం నిజమైనదో కాదో వైద్యం చేసే డాక్టరు సరిచూసుకోవాల్సింది కూడా ఆ రికార్డుతో గానీ, స్థానిక సంస్థలో దాన్ని భద్రపరిచే అధికారి దగ్గర గానీ.

అయితే ఇక్కడే ఒక చిక్కు. ఈ రెండూ మీ ఫోనుకు వచ్చే ఓటీపీతోనో మీ పిన్‌తోనో తెరుచుకునేవి. ఆభాలో రికార్డు చూడాలంటే డాక్టరు అడగాలి, మీరు ఫోనులో సరేననాలి. తెలివి లేకుండా పడున్న మనిషి సరేనని ఎలా నొక్కుతాడు? పైగా ఆధార్‌కు కలిపిన నంబరు ఎప్పుడో మార్చేసిన పాత సిమ్‌ది అయితే ఓటీపీ ఎవరికీ రాదు. అందుకే ఖాతాలో దాచడంతో పని అయిపోదు. నకలు ముందే ఇంట్లోవాళ్ల ఫోనులో ఉండాలి.

ఇంట్లోవాళ్లకు పంపడం

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా వద్దు, డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పోతే నాణ్యత తగ్గి చిన్న అక్షరాలు మసకబారతాయి. అందుకున్నవాళ్లు వెంటనే తెరిచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. నెలల తర్వాత తెరవబోతే ఫైలు రాదు. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉంటే ఆపేయండి. గ్రూపులో పిన్ చేశాంలే అనుకోవద్దు, ఎక్కువలో ఎక్కువ 30 రోజులకు ఆ పిన్ ఊడిపోతుంది. గ్రూపు వివరణలో 'నాయన లివింగ్ విల్: అసలు కాగితం పెద్దక్క దగ్గర, ఫైలు అందరి డ్రైవ్‌లో' అని ఒక వాక్యం రాస్తే అది నిలుస్తుంది.

డ్రైవ్ లింకు పంపితే, తెరవాల్సిన ఒక్కొక్కరి జీమెయిల్ చేర్చి చూసే హక్కు మాత్రం ఇవ్వండి. చేర్చడం మరిచిపోతే లింకు నొక్కినవాళ్లకు 'అనుమతి అడగండి' అని వస్తుంది. ఆ అనుమతి ఇవ్వాల్సింది ఐసీయూలో ఉన్న మనిషే.

ఎందరికి పంపాలన్నది మీ ఇష్టం. మా సలహా మాత్రం ఇది: కాగితంలో పేరున్న మనిషికి, ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషికి, ఎప్పుడూ చూసే డాక్టరుకు తప్పకుండా ఇవ్వాలి. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకును వదిలేస్తే, చివరి రోజున ఫోనులో 'వెంటిలేటరు పెట్టండి' అనేది ఆయనే.

లాక్ స్క్రీన్

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో భద్రత, అత్యవసరం అన్న విభాగంలోకి వెళ్లి వైద్య సమాచారం నింపండి. ఐఫోనులో హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ తెరిచి, లాక్ ఉన్నా కనబడాలన్న బటన్ నొక్కండి. ఇక్కడ ఫైలు పెట్టడానికి కుదరదు, నాలుగు మాటలు రాయొచ్చు: 'లివింగ్ విల్ ఉంది. పెద్ద కూతురిని అడగండి.' ఆమె నంబరు అత్యవసర కాంటాక్టులో చేర్చండి. అవయవదానం గడిలో అవునని పెట్టినా, సమయానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాల్సిందే. ఆ మాట వాళ్లకు విడిగా చెప్పండి.

ఒకటి గమనించండి. రోడ్డు ప్రమాదంలోనో గుండెపోటులోనో కోలుకునే దారి ఉన్నప్పుడు ఈ కాగితం వైద్యాన్ని ఆపదు. నయం కాని స్థితికి చేరి, సొంతంగా నిర్ణయం చెప్పలేనప్పుడే అది పనికొస్తుంది. అప్పుడూ రెండు వైద్య బోర్డులు, అంటే రెండు డాక్టర్ల బృందాలు, చూడాలి. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలన్నది నిబంధన. కాబట్టి ఫోను నకలుతో మాట మొదలుపెట్టి, అసలు కాగితం తెప్పించుకునే వ్యవధి ఇంట్లోవాళ్లకు దొరుకుతుంది.

స్థానిక సంస్థకు నకలు

నగరంలోవాళ్లు కార్పొరేషను ఆఫీసులో, పల్లెవాళ్లు పంచాయతీలో ఒక నకలు ఇవ్వాలి. ఏ సీటుకు వెళ్లాలో అక్కడ చెప్పలేకపోతే వాదించకండి. ఒక అర్జీ జతచేసి ఇన్‌వార్డులో, అంటే ఆఫీసుకు వచ్చిన కాగితాలు తీసుకునే చోట, ఇచ్చి, మీ రెండో నకలు మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ఆ పేజీని కూడా స్కాన్ చేసి అదే పీడీఎఫ్ చివర చేర్చి, కొత్త ఫైలును మళ్లీ అందరికీ పంపండి. పాతది తీసేయమని చెప్పండి.

అభ్యాసం

ఈ ఆదివారం మీ ఫోను స్విచాఫ్ చేసి పక్కన పెట్టండి. వేరే ఊళ్లో ఉన్న కూతురికో తమ్ముడికో ఇంకొకరి ఫోనుతో చేసి, 'ఐదు నిమిషాల్లో నా కాగితం తెరిచి, రెండో పేజీలో ఏముందో చదువు' అనండి. చదవగలిగితే నాలుగో భాగానికి రండి. లేకపోతే ఎక్కడ ఆగిందో రాసుకోండి: ఫైలు దొరకలేదా, అనుమతి అడిగిందా, అక్షరాలు కనబడలేదా. ఆ ఒక్కటి సరిచేసి వచ్చే ఆదివారం మళ్లీ చేయండి.