బయటి దేశపు బ్లూరే తెప్పించుకుంటున్నారా? ముందు అట్ట వెనక్కి తిప్పండి

2014లో మా బావమరిది లండన్ నుంచి వస్తూ నాకోసం ఐదు బ్లూరే డిస్కులు తెచ్చాడు. హైదరాబాద్‌లో కొన్న మా ప్లేయర్‌లో రెండే ఆడాయి. మిగతావి పెట్టగానే రీజియన్ సరిపోలేదని తెర మీద వచ్చేది. దుమ్మేమోనని మెత్తటి గుడ్డతో ఎన్నిసార్లు తుడిచానో! డిస్కుల్లో లోపమేమీ లేదు.

అట్ట వెనక, కిందివైపు, ఆరు భుజాల చిన్న గుర్తులో ఏ, బి, సి అక్షరాలు ఉంటాయి. ఆ డిస్కు ఏ ప్రాంతపు (రీజియన్) ప్లేయర్లలో ఆడుతుందో చెప్పేవి అవే. అమెరికా, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా ఏ. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా, ఆస్ట్రేలియా బి. మనది సి, చైనా, రష్యా కూడా మనతోనే. మూడక్షరాలూ ఉంటే నిశ్చింతగా కొనండి. బి ఒక్కటే ఉంటే మన ప్లేయర్‌కి పనికిరాదు.

ఈ గోడలు ఎందుకంటే, ఒకే సినిమా హక్కులను ఒక్కో ప్రాంతంలో ఒక్కో సంస్థకు అమ్ముతారు. అమెరికాలో డిస్కు వచ్చేనాటికి ఇంకోచోట ఆ సినిమా హాల్లో ఆడుతూ ఉండొచ్చు. డీవీడీల్లో అమెరికా 1, జపాన్ 2, మనం 5. బ్లూరేకి వచ్చేసరికి జపాన్, అమెరికా ఒకే గూటికి చేరాయి. అందుకే జపాన్ యానిమేషన్ డిస్కులు డల్లాస్‌లో ఉన్న మనవాళ్ల ప్లేయర్లలో ఆడతాయి. కొనేముందు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. బ్లూరేతో పోటీపడిన హెచ్‌డీ డీవీడీకి అసలు ఈ తాళమే లేదు. 2008 ఫిబ్రవరి 19న తోషిబా దాన్ని వదిలేసింది. ఆ ఒక్క విషయంలో ఓడినదే మేలైనదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అమెరికాలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కుంది. బ్రిటిష్ టీవీ సీరియళ్లు, డాక్యుమెంటరీలు కొన్ని 50 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు యాభైసార్లు బొమ్మ మారే పద్ధతిలో ఉంటాయి. అక్షరం సరిపోయినా అక్కడి ప్లేయర్లు చాలావాటికి అవి పడవు. మన దగ్గర ఆ టెన్షన్ తక్కువ.

4కే బ్లూరేకి రీజియన్ లేదు, ఎక్కడ కొన్నా ఆడుతుంది. కానీ అదే పెట్టెలో ఇచ్చే మామూలు బ్లూరేకి తాళం ఉండొచ్చు. ఇక ప్లేయర్‌నే బయటి దేశం నుంచి తెప్పించుకుంటే దాని వెనక వోల్టేజ్ చదవండి. 100-240 అని ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టొచ్చు.

డిస్కు తెచ్చేవాళ్లను కొనకముందే అట్ట వెనక ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. అక్షరం మసకగా ఉంటే మొహమాటపడకుండా మళ్లీ తీయమనండి.